కాలు విరిగిన గుర్రం బతకాలంటే మిగిలిన మూడు కాళ్లూ నిలబడాలి

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మలక్‌పేట రేసుకోర్సులో మీ కళ్లముందే ఒక గుర్రం ముందుకాలు విరిగి నిలిచిపోయిందని, చుట్టూ తెర కట్టి అక్కడికక్కడే ప్రాణం తీసే సూది వేశారని రాశారు. మనిషికి కాలు విరిగితే కట్టు కట్టి నయం చేస్తారు కదా, లక్షలు పోసి కొన్న గుర్రానికి ఆ పాటి వైద్యం ఎందుకు చేయరన్నది మొదటి ప్రశ్న. మంగళగిరిలో ఉన్న మీ మేనమామగారు రేసుల నుంచి తీసేసిన ఏడేళ్ల గుర్రాన్ని పెళ్లి ఊరేగింపుల కోసం కొన్నారని, దాని ఎడమ ముందుకాలు మోకాలి కింద వెనకవైపు ఉబ్బి ఉందని, రెండు నెలల్లో అదే సర్దుకుంటుందని అమ్మినవాళ్లు చెప్పారని రాశారు. మాఘమాసం ముహూర్తాలకు దాన్ని పంపవచ్చా అన్నది రెండోది.

రెండోదానికి ముందు జవాబిస్తాను, అది ఆగే సంగతి కాదు కాబట్టి. పంపవద్దు. మాఘంలో వద్దు, ఆ తర్వాత వచ్చే వైశాఖంలోనూ వద్దు. ఈ రోజు నుంచి దాని మీద ఎవరూ ఎక్కకూడదు, బండికి కట్టకూడదు. నాలుగు వైపులా 12 అడుగులు ఉండే చోట, కింద మందంగా వరిగడ్డి పరిచి, తాడు లేకుండా వదలండి. కుంటే జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చివర్లో వివరిస్తాను. అది అర్థం కావాలంటే మొదటి ప్రశ్నకు జవాబు తెలియాలి.

నేను 34 ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. అందులో 19 ఏళ్లు రేసు గుర్రాల లాయాల్లోనే గడిచాయి. ఉద్యోగం అయిపోయాక విజయవాడలో స్థిరపడ్డాను. మీరు చూసిన లాంటి దృశ్యంలో తెరకు లోపలివైపు నిలబడినవాడిని నేను, ఒకసారి కాదు.

మీ చేతిని బల్లమీద నిలువుగా పెట్టి, మధ్యవేలి గోరు కొస మీద ఒంటి బరువంతా మోపినట్లు ఊహించుకోండి. గుర్రం నిలబడేది అలాగే. దాని గిట్ట మన మధ్యవేలి గోరు. ముందుకాలిలో మనం మోకాలు అని పిలిచేది నిజానికి దాని మణికట్టు. ఆ మోకాలి నుంచి కిందికి దిగే పొడుగాటి ఎముక మన అరచేతిలో మధ్యవేలికి వెళ్లే ఎముకే. మిగిలిన వేళ్లలో రెండు సన్నటి పుల్లల్లాంటి ఎముకలుగా మిగిలి దానికి అటూ ఇటూ అంటుకుని ఉంటాయి, తక్కినవి లేనే లేవు. ఆ పొడుగు ఎముక కింద, గిట్టకు పైన ఉండే కీలును ఫెట్‌లాక్ అంటారు. గుర్రాలను చూసుకునే సాయీసులు కూడా ఆ మాటే వాడతారు కనుక నేనూ అదే వాడతాను.

మోకాలి కింద గుర్రానికి కండ లేదు. ఎముక, దాని వెనక తాళ్లలా దిగే టెండన్లు, ఎముకను ఎముకతో బిగించే లిగమెంట్లు, పైన పల్చటి చర్మం, అంతే. మన ప్రాంతంలో టెండన్‌ను కూడా నరమనే అంటారు. మీ మామగారు "నరం వాచింది" అన్నది దాని గురించే. కండ లేకపోవడం వల్లనే గుర్రం కాలు అంత తేలికగా, అంత వేగంగా ఊగుతుంది. అదే కారణం వల్ల ఎముక విరిగినప్పుడు చుట్టూ పట్టి ఉంచేది ఏదీ ఉండదు. విరిగిన మొన చర్మాన్ని చీల్చుకుని బయటికి రావడానికి ఒక్క అడుగు చాలు. రక్తప్రసారం మామూలు రోజుల్లోనే అంతంతమాత్రం. ఆ సన్నటి నాళాలు తెగితే కింద ఉన్నదంతా చల్లబడిపోతుంది. మట్టి, పేడ తగిలిన గాయంలో చీము పట్టాక ఎముక అతకడం అరుదు.

బరువు సంగతి కూడా చూడండి. రేసు గుర్రం 450 నుంచి 500 కిలోలు ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దౌడు తీస్తున్నప్పుడు ఒక దశలో ఆ బరువంతా ఒక్క ముందుకాలి మీద పడుతుంది, వేగం వల్ల అది రెండున్నర రెట్లవుతుంది. వెయ్యి కిలోలు దాటిన భారం, ఒక్క సన్నటి ఎముక మీద. అప్పుడు ఫెట్‌లాక్ దాదాపు నేలను తాకేంత కిందికి వంగి మళ్లీ లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలు దాన్ని తట్టుకుంటుంది. లోపల ఎక్కడో సన్నటి పగులు ఉన్న కాలు ఏదో ఒక రోజు తట్టుకోదు.

ఇంతవరకు విన్నవారు చాలామంది, ప్లేట్లు, స్క్రూలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఎముకను అతికించే విద్య చాలా ముందుకు వెళ్లింది. కానీ ఎముక అతికించిన తర్వాత కూడా చాలా గుర్రాలు విరిగిన కాలి వల్ల కాదు, విరగని కాలి వల్ల చనిపోతాయి. ఇది నాకు పుస్తకాల కంటే ముందే తెలిసింది, అర్థం కావడానికి మాత్రం 20 ఏళ్లు పట్టింది.

నేను విజయవాడ వన్ టౌన్‌లో పెరిగాను. 1960ల చివర్లో రైలు దిగినవారు ఇంటికి చేరేది ఎక్కువగా జట్కాల్లోనే. మా వీధి చివర జట్కా తోలే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన గోధుమరంగు గుర్రం ఒక వానరోజు కాలువ వంతెన దిగుతూ జారి పడింది. కుడి ముందుకాలు మోకాలి కింద విరిగింది. చర్మం చిరగలేదు. ఆయన వెదురు బద్దలు చెక్కి, పాత ధోవతులు చుట్టి, ఎంత పొందికగా కట్టారంటే ఇప్పటికీ నాకు ఆ కట్టు మీద గౌరవం ఉంది. దాణా తగ్గించలేదు, ఉలవలు ఉడకబెట్టి పెట్టేవారు. గుర్రం మూడు కాళ్ల మీద నిలబడి తినేది. పిల్లలమంతా బడి నుంచి వస్తూ గడ్డి తెచ్చేవాళ్లం. పది రోజులు దాటాక అది తినడం తగ్గించింది. ఎడమ ముందుకాలు, అంటే బాగున్న కాలు, ముందుకు చాచి, నడుము వెనక్కి వేసి నిలబడడం మొదలుపెట్టింది. నేను ఒకరోజు ఆ గిట్ట మీద చేయి వేశాను. పొయ్యి దగ్గర పెట్టిన ఇటుకలా ఉంది. కట్టులో ఉన్న కాలి గిట్ట చల్లగానే ఉంది. పదహారో రోజు అది పడుకుంది, మళ్లీ లేవలేదు. కట్టు చివరిదాకా కదల్లేదు.

ఆ గిట్ట ఎందుకు కాలిందో చెబుతాను. గిట్ట పైపెంకుకు, లోపలి ఎముకకు మధ్య మడతలు మడతలుగా పొరలు ఉంటాయి. ఒక్కో గిట్టలో సుమారు 600 ప్రధాన మడతలు, ఒక్కో మడత మీద మళ్లీ వందకు పైగా చిన్న మడతలు. పెంకులోని మడతలూ ఎముక మీది మడతలూ రెండు దువ్వెనలను ఒకదానిలో ఒకటి దూర్చినట్లు ఇమిడి ఉంటాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే వేలాడుతుంది. ఆ పొరలకు రక్తం సరిగా అందాలంటే కాలు ఎత్తుతూ దించుతూ ఉండాలి. రెండో కాలు పనికిరాక ఒకే కాలి మీద రోజంతా నిలబడితే ఆ పొరలకు రక్తం అందదు. వాచి, చచ్చి, పట్టు వదులుతాయి. అప్పుడు లోపలి ఎముక పెంకు నుంచి విడిపోయి కిందికి దిగుతుంది, కొన్నిసార్లు అరికాలిని చీల్చుకుని బయటికి కనిపిస్తుంది. దీని పేరు లామినైటిస్. గుర్రాలకు వచ్చే నొప్పుల్లో ఇంతకంటే ఘోరమైనవి నేను ఎక్కువ చూడలేదు.

పడుకోబెట్టవచ్చు కదా అని మీరు అడుగుతారు. గుర్రం పడుకుని జబ్బు నయం చేసుకునే జంతువు కాదు. తరుముకొచ్చే మృగం నుంచి లేచి పరుగెత్తడానికి పుట్టిన జంతువది; నిలబడే కునుకు తీయగలదు. గంటల తరబడి ఒకే పక్క మీద పడుకుంటే దాని బరువుకే కింది కండలు నలిగి చచ్చుబడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, పేగు కదలిక మందగిస్తుంది. పొట్ట కింద పట్టీ వేసి పైనుంచి వేలాడదీసే పద్ధతి ఉంది. నెమ్మదైన గుర్రాలు కొన్ని దాన్ని ఓర్చుకుంటాయి. బెదురు గుర్రం గంటలోనే తన్నుకుని రెండో కాలూ పాడుచేసుకుంటుంది.

చాలా కొద్ది గుర్రాలకే అందేంత వైద్యం జరిగిన అమెరికా రేసు గుర్రం బార్బరో కథ కూడా చివరికి మా వీధి జట్కా గుర్రం కథే అయింది. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన గుర్రం అది. రెండు వారాల తర్వాత, మే 20న ప్రీక్‌నెస్ పందెంలో దాని కుడి వెనకకాలు ఫెట్‌లాక్ దగ్గర విరిగింది. కీలుకు పైఎముకా, వెనకున్న చిన్న ఎముకా, కిందిది కూడా పోయాయి. కింది ఎముక 20కి పైగా ముక్కలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యశాలలో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ బృందం ప్లేటు వేసి, 20కి పైగా స్క్రూలు బిగించి ఆ కీలును కదలకుండా అతికించింది. ఎముక అతుక్కుంటూ వచ్చింది. జులైలో బాగున్న ఎడమ వెనకకాలికి లామినైటిస్ వచ్చింది. ఆ గిట్ట పెంకులో చాలాభాగం తీసేయాల్సి వచ్చింది. అయినా నెలల తరబడి పోరాడింది, శీతాకాలం మొదట్లో కాస్త తేరుకుంది కూడా. చివరికి ముందుకాళ్లు రెండింటికీ అదే జబ్బు పాకింది. 2007 జనవరి 29న దానికి నొప్పిలేని మరణం ఇచ్చారు. డబ్బుకు లోటు లేదు, నైపుణ్యానికి లోటు లేదు, యజమానుల ప్రేమకు లోటు లేదు.

ఇంకో ప్రమాదం మత్తు దిగే వేళ ఉంటుంది. రఫియన్ అనే ఆడగుర్రం 1975 జులై 6న ఒక పందెంలో కుడి ముందుకాలి ఫెట్‌లాక్ వెనకుండే రెండు చిన్న ఎముకలూ విరిగి ఆగింది. ఆ రాత్రే శస్త్రచికిత్స చేశారు. మెలకువ రాగానే అది ఇంకా పందెంలోనే ఉన్నట్లు పడుకునే పరుగెత్తింది. కట్టు, కాలు, చేసిన పని అంతా ఛిద్రమైంది. తెల్లవారేలోగా దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో పెద్ద ఆసుపత్రుల్లో మత్తులో ఉన్న గుర్రాన్ని తెప్పలాంటి దానిమీద గోరువెచ్చని నీళ్ల కొలనులో వేలాడదీసి, నీళ్లలోనే మేల్కొనేలా చేసే ఏర్పాటు వచ్చింది. కాళ్లు ఎంత ఆడించినా నీళ్లు దేన్నీ విరగ్గొట్టవు. బార్బరో అలాగే లేచింది.

ఇక బతికినవాటి గురించి. మిల్ రీఫ్ 1971లో ఇంగ్లండులో డెర్బీనీ, ఫ్రాన్సులో ఆర్క్ పందేన్నీ గెలిచిన గుర్రం. 1972 ఆగస్టు చివర్లో సాధన చేస్తూ ఎడమ ముందుకాలు విరగ్గొట్టుకుంది. ప్లేటు వేసి అతికించారు. అది బతికిందంటే సగం పుణ్యం దాని స్వభావానిదే; కట్టుతో వారాల తరబడి నెమ్మదిగా నిలబడింది, ఎవరినీ తన్నలేదు, తనను తాను గాయపరచుకోలేదు. మళ్లీ పరుగెత్తలేదు గానీ 1986 దాకా బతికి గొప్ప సంతానాన్ని ఇచ్చింది. పర్సనల్ ఎన్‌సైన్ సంగతి వేరు. 1986లో దాని ఎడమ వెనకకాలు ఫెట్‌లాక్ కిందున్న ఎముక విరిగితే అయిదు స్క్రూలు వేశారు. మరుసటి ఏడాది మళ్లీ పందేలకు వచ్చింది, 1988లో విరమించేనాటికి పరుగెత్తిన 13 పందేలూ గెలిచింది. రెంటికీ కాళ్లే విరిగాయి. తేడా ఎక్కడ విరిగింది, ఎలా విరిగింది, గుర్రం ఎలాంటిది అన్నదాంట్లో ఉంది.

తెర వెనక వైద్యుడు చూసేది అదే. చర్మం తెగిందా? గిట్ట ఇంకా వెచ్చగా ఉందా, రక్తం అందుతోందా? పైనుంచి కిందిదాకా ఒక్క ఎముక స్తంభమైనా బరువు మోసేలా మిగిలిందా? ఎన్ని ముక్కలు? ఆ గుర్రం అప్పటికే బెదిరి తన్నుకుంటోందా? వీటికి జవాబులు రెండు నిమిషాల్లో తెలిసిపోయే సందర్భాలు ఉంటాయి. ఫెట్‌లాక్ నేలకు ఆని, విరిగిన ఎముక ఇసుకలో గుచ్చుకున్న గుర్రాన్ని వైద్యం పేరుతో వ్యానెక్కించడం నా దృష్టిలో దయ కాదు. మీరు చూసినది అలాంటిదే అయి ఉండవచ్చు. ఆ వైద్యుడి మీద కోపం పెట్టుకోకండి.

కానీ అన్నీ అలాంటివి కావు. మోకాలి కీలులో ఎముక అంచు చిన్న చెక్కగా లేస్తే సన్నటి రంధ్రం గుండా కెమెరా పంపి ఆ ముక్క తీసేస్తారు. కీలు అరగకముందే తీస్తే కొన్ని నెలల్లో మళ్లీ పందేనికి వచ్చేవి ఎక్కువే. పొడుగు ఎముక కింది కొసలో బయటివైపు నిలువుగా చిట్లి, ముక్క పక్కకు జరగకుండా ఉంటే రెండు మూడు స్క్రూలతో బిగిస్తారు. వాటిలోనూ చాలా గుర్రాలు తిరిగి పరుగెత్తుతాయి. అదే పగులు లోపలివైపు కొసలో మొదలైతే నాకు భయం. అది మెలితిరుగుతూ ఎముక మధ్యదాకా ఎక్కుతుంది, రోజుల తర్వాత లాయంలో నిలబడి ఉండగానే ఎముక మొత్తం పేలిపోవచ్చు. గిట్ట లోపలి ఎముక విరిగితే గిట్టే దానికి సహజమైన కట్టు. లోపలివైపు అడ్డపట్టీ ఉన్న లాడం వేసి నెలల విశ్రాంతి ఇస్తే తరచుగా నయమవుతుంది. మోచేయి కొస విరిగితే గుర్రం కాలు వేలాడదీసి చూడడానికి భయంకరంగా ఉంటుంది, ప్లేటు వేస్తే బాగా కోలుకుంటుంది. ఫెట్‌లాక్ వెనకుండే ఆ ఉసిరికాయంత ఎముకలు రెండూ పోతే పరుగు మాట మరిచిపోవాలి. కీలును అతికించి బతికించగలిగితే అదే గొప్ప. ఎదిగిన గుర్రానికి మోకాలి పైనున్న పెద్ద ఎముకలు రెండుగా విరిగితే, తొడ ఎముక అయితే మరీ, ఆశ దాదాపు లేదు. అదే ఎముకలు నెలల పిల్లకు విరిగితే బరువు తక్కువ కనుక ప్రయత్నించదగినదే.

కాబట్టి "కోలుకుంటుందా" అని ఎవరైనా అడిగితే నేను "దేనికి?" అని అడుగుతాను. పందేనికా, స్వారీకా, గడ్డి మేస్తూ నొప్పి లేకుండా బతకడానికా? మూడూ వేరువేరు జవాబులు. యజమానికి మొదటిది మాత్రమే కావాలంటే, మూడోదానికి అర్హమైన గుర్రం కూడా చచ్చిపోతుంది. అది నన్ను ఇప్పటికీ బాధించే విషయం.

నన్ను బాధించే ఇంకొక విషయం చెప్పాలి. పందెంలో హఠాత్తుగా విరిగినట్లు కనిపించే కాళ్లలో చాలావాటికి ముందు నుంచే లోపల పగుళ్లు ఉంటాయి. ఎముక సజీవమైనది. దౌడులో అరిగిన చోటును తవ్వి తీసి, కొత్త ఎముకతో నింపుకుంటుంది. తవ్వకం వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు కావాలి. ఆ మధ్యకాలంలో సాధన ఆపకపోతే బోలుగా ఉన్న చోట ఎముక తెగుతుంది. నా దగ్గరికి ఒకసారి మూడేళ్ల ఆడగుర్రాన్ని తెచ్చారు. కుంటడం లేదు, పొద్దుటి సాధన తర్వాత అడుగు కాస్త పొట్టిగా వేస్తోందని దాని సాయీసు చెప్పాడు. ఫెట్‌లాక్ దగ్గర వేలితో నొక్కితే చెవులు వెనక్కి వేసింది. ఎక్స్‌రే తీశాను, ఏమీ కనబడలేదు. కొత్త పగులు ఎక్స్‌రేలో కనబడడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చని నాకు తెలుసు. పందెం దగ్గరలో ఉంది, శిక్షకుడు తొందరపెట్టాడు, నేను సరేనన్నాను. తొమ్మిదో రోజు దౌడులో ఎముక కొస విరిగి పక్కకు జరిగింది. మూడు వారాల విశ్రాంతి, మళ్లీ ఒక ఎక్స్‌రే చెప్పి ఉంటే ఆ గుర్రం కాలు నిలిచేది. సాయీసు చేతివేళ్లకు తెలిసిందాన్ని నేను ఫిల్ములో కనబడలేదని కాదన్నాను. ఆ తర్వాత సాయీసు మాటను ఎన్నడూ పక్కన పెట్టలేదు.

నొప్పి తెలియకుండా సూది వేసి పరుగెత్తించడం దీనికంటే పెద్ద తప్పు. నొప్పి ఒక్కటే ఆ కాలికి ఉన్న కాపలా. కీలులో స్టెరాయిడ్ వేసి, నొప్పి మాత్రలు మింగించి దౌడుకు పంపితే ఆ కాపలాను తీసేసినట్లే. మీ మామగారికి గుర్రాన్ని అమ్మిన రోజున అది కుంటకుండా నడిచిందని రాశారు. మర్నాడు సాయంత్రానికి కుంటిందన్నారు. ఏదో సూది వేసి ఉంటారన్న అనుమానం నాకు బలంగా ఉంది.

ఇక మీ గుర్రం. మీరు పంపిన వర్ణనను బట్టి మోకాలికీ ఫెట్‌లాక్‌కూ మధ్య వెనకవైపు గీత గీసినట్లు తిన్నగా ఉండాల్సిన అంచు విల్లులా ఉబ్బింది, ముట్టుకుంటే వేడి, నడకలో ఫెట్‌లాక్ కాస్త ఎక్కువ కుంగుతోంది. ఇది చాలావరకు పైపొరలో ఉండే, కాలిని వంచే టెండన్ చిరగడం. రేసు గుర్రాలకు ఎక్కువగా వచ్చే గాయాల్లో ఇదొకటి. దౌడులో ఆ టెండన్ తన పొడవులో ఆరో వంతు దాకా సాగుతుంది, తెగే హద్దుకు అంత దగ్గరగా పనిచేస్తుంది. సాగి ముడుచుకునే రాపిడికి దాని నడిమధ్యలో వేడి 45 డిగ్రీల దాకా చేరుతుంది. అందుకే చిరుగు తరచుగా మధ్యలో మొదలవుతుంది, పైకి వాపే కనబడుతుంది.

అతుక్కోదా అంటే, అతుక్కుంటుంది. కానీ పాత తీగలు వరసగా పేనిన తాడులా ఉంటే, కొత్తగా వచ్చేది చిక్కుపడిన నారలా ఉంటుంది. ఆ నారను వరసలోకి తెచ్చేది మెల్లగా పెంచే నడక ఒక్కటే. దానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అయినా పాత బలం పూర్తిగా రాదు. రెండు నెలల్లో వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, గుర్రం ఉషారుగా కనబడుతుంది. సరిగ్గా అప్పుడే ఎక్కి మళ్లీ చింపేస్తారు. పెళ్లి ఊరేగింపు మెల్లగానే సాగుతుంది కదా అనుకోకండి. మంగళగిరి నుంచి బెజవాడ దాకా తారురోడ్డు మీద నడిపించడం, వరుడి బరువు, బ్యాండు, బాణసంచాకు బెదిరి ఒక్కసారి పక్కకు దూకడం. ఆ ఒక్క దూకుడు చాలు.

మొదటి మూడు నాలుగు రోజులు చల్లటి నీళ్లు గొట్టంతో 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు కాలి మీద పోయండి. తర్వాత దూది మందంగా చుట్టి, పైన సమానంగా బిగించిన కట్టు వేయండి. గుంటూరులో దూదికి కరువు లేదు కనుక పొదుపు చేయకండి, పల్చటి దూది మీద బిగించిన కట్టు టెండన్‌ను ఇంకా పాడుచేస్తుంది. రెండో కాలికి కూడా అలాగే కట్టండి. గాయమైన వారం పదిరోజులకు అల్ట్రాసౌండ్ తీయించండి; మొదటి రోజుల్లో చిరుగు ఇంకా పెరుగుతూ ఉంటుంది కాబట్టి మరీ ముందు తీస్తే తక్కువగా కనబడుతుంది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, ముందుగా మాట్లాడి గుర్రాన్ని తీసుకెళ్లండి. తర్వాత చేత్తో పట్టుకుని రోజుకు అయిదు పది నిమిషాల నడక, వారాలు గడిచేకొద్దీ పెంచుతూ, రెండు మూడు నెలలకోసారి మళ్లీ అల్ట్రాసౌండ్ చూసి తర్వాతి మెట్టు. ఉలవలూ దాణా తగ్గించి గడ్డి పెంచండి. పని లేని గుర్రానికి పని ఉన్నప్పటి మేత పెడితే పొగరెక్కి గదిలోనే దూకుతుంది, పైగా గిట్టలకూ మంచిది కాదు.

ఎవరో ఒకరు వచ్చి వాతలు పెడితే నరం గట్టిపడుతుందని తప్పకుండా చెబుతారు. వినకండి. ఇనుము కాల్చి పెట్టిన వాత చర్మాన్ని కాలుస్తుంది, లోపలి టెండన్‌ను బాగుచేయదు. వాత పెట్టిన గుర్రాలు కొన్ని బాగుపడడానికి కారణం ఆ పుండు మానేదాకా ఎవరూ ఎక్కకపోవడమే. ఆ విశ్రాంతిని వాత లేకుండానే ఇవ్వవచ్చు. మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్ వేయించడం కూడా వద్దు. పశువుల వాడకానికి దాన్ని 2006లోనే నిషేధించారు. వాపు మందు ఏది, ఎన్ని రోజులు అన్నది చూసిన వైద్యుడే చెప్పాలి, ఎక్కువైతే గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఒకవేళ ఎన్నడైనా మీ ముందు ఏ గుర్రానికైనా కాలు విరిగిందన్న అనుమానం వస్తే, దాన్ని ఒక్క అడుగు కూడా నడిపించకండి. దూది చాలా పొరలు చుట్టి, నిలువుగా చీల్చిన పీవీసీ గొట్టం ముక్కను బద్దగా పెట్టి, విరిగినచోటికి పైకీలూ కింది కీలూ రెండూ కదలకుండా కట్టండి. వ్యానులో ఎక్కించేటప్పుడు ముందుకాలు గాయమైతే గుర్రం తల వెనకవైపు ఉండేలా, వెనకకాలైతే తల ముందువైపు ఉండేలా నిలబెట్టండి; బ్రేకు వేసినప్పుడు ఆ బరువు బాగున్న కాళ్ల మీద పడాలి. ఈ చిన్న విషయం తెలియక చర్మం తెగని పగులు దారిలో తెగిన పగులుగా మారిన గుర్రాలు నా దగ్గరికి వచ్చాయి.

మీ మామగారు డబ్బు పోయిందని బాధపడుతున్నారని రాశారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఏడాది మేపడానికి ఆయన సిద్ధంగా లేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పమనండి. పొలం, నీడ, ఓపిక ఉన్నవారికి గుర్రాన్ని అప్పగించడం మర్యాదైన పనే. సూది వేసి ఇంకొకరికి అమ్మడం మాత్రం చేయవద్దని నా మాటగా చెప్పండి. ఏడేళ్ల గుర్రం అది. ఓపిక పడితే ఇంకో పదిహేనేళ్లు హాయిగా బతకగలదు, ఏడాది తర్వాత పిల్లలను ఎక్కించుకుని మెత్తటి నేల మీద నడవగలదు.

అల్ట్రాసౌండ్ తీసినప్పుడు రెండు ముందుకాళ్లవీ తీయమని అడగండి, ఒక్క వాచినదానిదే కాదు. రేసు గుర్రాల్లో రెండో కాలి టెండన్‌లోనూ తరచుగా చిరుగు దాగి ఉంటుంది. ఆ బొమ్మలు నాకు పంపండి, చూసి చెబుతాను. అప్పటిదాకా రోజూ పొద్దున ఎండ ఎక్కకముందు ఒకసారి, రాత్రి ఒకసారి, మీ మామగారిని కుడి ముందుకాలి గిట్ట మీద అరచెయ్యి పెట్టి చూడమనండి. అది మిగిలినవాటికంటే వేడిగా అనిపించినా, ఫెట్‌లాక్ వెనక పక్కన వేళ్లు ఆనిస్తే నాడి దబదబ కొట్టుకుంటున్నా, గుర్రం ఆ కాలిని ముందుకు చాచి నిలబడినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ గిట్టను ఐసు నీళ్ల బక్కెట్లో నిలబెట్టి నాకు ఫోను చేయించండి.